అన్న గొళ్లెం తీసిన రోజు

దొంగతనాలు మానతాడని మా అన్నను ఏడాదిపాటు తాళాలు వేసి ఉంచే బాలుర హాస్టల్లో పెట్టారు. అగ్రికో కాలనీలోని మా క్వార్టర్‌కు తిరిగొచ్చాక, ఎంత నెమ్మదస్తుడయ్యాడోనని మా చర్చి సంఘమంతా దేవుణ్ణి స్తుతించింది. అమ్మ మాత్రం స్తుతించలేదు. మూసిన ప్రతి తలుపు ముందూ అన్న ఆగిపోయేవాడు.

"ఏట్రా, అలా నిలబడిపోనావు? తలుపు తీసుకుని రా!"

"అక్కడ మనం తియ్యకూడదమ్మా. సారే తియ్యాలి."

ఆ రోజుల్లో శుక్రవారం ప్రార్థన కూటం మా ఇంట్లోనే. చాపలు, డోలక్, స్టవ్ మీద మరిగే టీ. ఆ వారం వచ్చేవాళ్లకు తలుపు తీసే పని అమ్మ అన్నకు అప్పగించింది. ఎవరో తట్టగానే అన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ పాడుతున్న పాట ఆపలేదు. మళ్లీ తట్టారు. అన్న లేచి గొళ్లెం తీశాడు.

"రండి పిన్నీ."

పాట మధ్యలోనే అమ్మ గట్టిగా అంది: "సోత్రం!"