వరుసక్క

కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ల జాబితా చూసే ఆవిడని అందరూ వరుసక్క అంటారు. తెర మీద స్కేలు ఆనించి, ఒక్కో పేరూ కిందికి జరుపుతూ, పెదవులతో లెక్కపెట్టుకోవడం ఆవిడ అలవాటు. "కంప్యూటరుతో కూడా వరుస కలిపేస్తుంది" అని నర్సులు నవ్వుతారు. ఆ రోజు మొదటి ఏడుగురినే పిలవాలి. పైనున్న ఇద్దరు తప్పుకోవడంతో, ప్రతి వరుసా తన పై వరుస అంకెకు ఒకటి కలిపి రాసుకునేలా కొత్త ఇంజనీరు అన్నిటినీ ఒకేసారి మార్చాడు. స్కేలు దర్జీ పేరు దగ్గర ఆగింది. చూపు మసకబారి, నెలల తరబడి కుట్టుమిషను ముట్టని మనిషి.

"ఇద్దరు తప్పుకున్నా ఈయన తొమ్మిదిలోనే ఉన్నారేంటి నాయనా?"

"పై వరుసను చూసే రాసుకుందక్కా!"

"పై వరుస మాత్రం అప్పటికి జరిగిందా? అందరూ పక్కవాడి పాత అంకే చూసుకున్నారు. పక్కవాణ్ణి అడగొద్దు, తనకి ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి ఒకటి కలుపుకోమను."

అలాగే మార్చాడు. దర్జీ ఏడుకు వచ్చాడు.

"ఇది ఏ కాలేజీలో నేర్చుకున్నారక్కా?"

"క్యూల్లో నిలబడి నేర్చుకున్నా. ముందెంతమందో లెక్కపెట్టకుండా నిలబడేవాళ్లుంటారా?"

తల పైకెత్తి, ఫోను అందుకుని, దర్జీతోనూ వరుస కలిపింది: "బాబాయ్, ఏడో నంబరు మీదే. బయల్దేరండి."