పురుగులు ఆకు తినని రోజు

శిడ్లఘట్టలో మా అత్తగారింట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు మీద పడ్డాయంటే, నడింట్లో కూర్చున్నవాళ్ళకి బయట సన్నగా వాన మొదలైనట్టు వినిపిస్తుంది. జ్వరమంటే రోగం కాదు. పొర విడిచే ముందు పురుగు తిండి మానేసి, తల పైకెత్తుకుని కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మా వైపు జ్వరమంటారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు వినగానే నేను వాకిట్లోకి వెళ్ళి, నేల తడిసిందేమో చూసి వస్తాను. "యాడమ్మా వాన? ఇంకా పోలేదే నీ అనుమానం!" అని మా అత్త నవ్వుతుంది. ఎలా పోతుంది? నా పుట్టింటి సారెలో అన్నిటికన్నా ముందు వచ్చింది అదే.

మాది బట్లహళ్ళి దగ్గర పల్లె. మా నాయన తాళం వేసి, గుంజి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి గుంజే మనిషి. ఎదురొచ్చినవాడు పలకరింపుగా నవ్వితే, వీడెందుకు నవ్వాడా అని చీకటి పడేదాకా ఆలోచించేవాడు. అనుమానం పెనుభూతమంటారు. మా ఇంట్లో ఆ భూతానికి పీట వేసి వడ్డించేవాళ్ళం. దాన్ని పనిలో పెట్టుకోవచ్చని నాకు నేర్పింది పద్మావతి మిస్సు.

చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన రోజులవి. నేను ఏడో తరగతిలో ఉన్నాను. మిస్సు ఆ ఊరి నుంచే మా బడికి సంగీతం చెప్పడానికి వచ్చింది. చేతిలో హార్మోనియం, సంచీలో పాటల సీడీలు. బడిలో ఎవరో ఇచ్చిన టీవీ ఒకటి గుడ్డ కప్పుకుని ఉండేది. వారానికోసారి ఆమె దాని గుడ్డ తీసి, కిటికీలన్నీ మూయించి, కాలానికి తగిన పాటల వీడియో పెట్టేది. వానల్లో వాన పాట, కోతల్లో కోత పాట. అయితే మొదటిసారి ఎప్పుడూ చప్పుడు లేకుండానే పెట్టేది.

"చెవులు తర్వాత. ముందు కండ్లు. పాడేవాళ్ళ పెదాలు చూడండి. నిజంగా పాడతాండారా, ఊరికే ఆడిస్తాండారా? ఎవురు చెప్తారు?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంట్లో ఏ బుద్ధికి తిట్లు తినేదాన్నో, అది ఇక్కడ పాఠం! రాగి కోత పాటలో అమ్మాయిలు కొడవళ్ళు పట్టుకుని ఎగురుతుంటే నేను లేచి నిలబడ్డాను. "మిస్, అబద్ధం! రాగి ఇంకా పచ్చిగా ఉండాది. పాలు పట్టిన కంకిని ఎవురన్నా కోస్తారా?" తరగతి గొల్లుమంది. మిస్సు నవ్వలేదు. నా దగ్గరకి వచ్చి తల మీద చెయ్యి పెట్టింది. "అట్ల ఉండల్ల. నీ కండ్లను యామార్చడం కష్టమే," అంది. ఆ మాటకి నేను ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంతోషం.

కానీ భూతం భూతమే. కొన్నాళ్ళకి అది మిస్సు వైపే తిరిగింది. ముందు చప్పుడు ఎందుకు ఆపుతుంది? పాడేటప్పుడు అరచెయ్యి హార్మోనియం పైపలక మీద ఎందుకు ఆనిస్తుంది? వెనక నుంచి పిలిస్తే ఎందుకు తిరగదు? అన్నిటికన్నా వింత, ఆమె పెట్టిన కట్టుబాటు: అందరం కలిసి పాడుతున్నప్పుడు ఎవరి గొంతు జారితే పక్కవాళ్ళు వాళ్ళ వైపు చూడాలి. జారింది ఎవరో మేము చూపించడమేమిటి, ఆమెకి చెవుల్లేవా? ఈ మాట నా పక్కన కూర్చునే మంజులతో అన్నాను. "నువ్వు నీడను కూడా నమ్మవు గదమే," అని అది కొట్టిపారేసింది.

ఊరివాళ్ళ అనుమానం వేరు. కిటికీలు మూసి, చీకట్లో, ఎదిగే పిల్లలకి టీవీలో ఏం చూపిస్తోంది? నిప్పు లేనిదే పొగ రాదు కదా! మా నాయన బడి కమిటీలో సభ్యుడు. ఇంటికొచ్చి నన్ను కూర్చోబెట్టి వీడియోలో ఏముందో గుచ్చి గుచ్చి అడిగాడు. చెప్పాను. నమ్మలేదు. నేను చెప్పినందుకే ఇంకాస్త నమ్మలేదనుకుంటాను.

చలికాలంలో మిస్సు పట్టుపురుగులు పెంచే మా ఇంటికే వచ్చింది. పురుగులు ఆకు తినే చప్పుడు వాన పాటలకి తోబుట్టువట, పిల్లలందరినీ తీసుకొచ్చి వినిపిస్తుందట. పురుగులింట్లోకి మా నాయన సొంత తమ్ముణ్ణే రానివ్వడు. దిష్టి తగులుతుందని, కాళ్ళతో రోగం తెస్తారని. ఆ రోజు మాత్రం కాసేపు ఆమెను పైనుంచి కిందికి చూసి, "గురువారం రండమ్మా, నాలుగో జ్వరం లేచింటాయి," అన్నాడు.

ఆ ఏడు చలికి పురుగులు వెనకబడ్డాయి. గురువారం పొద్దునకి ఇంకా జ్వరంలోనే ఉన్నాయి. నాయన వాటి మీద సున్నం చల్లి, ఆకు ఆపేశాడు. "మిస్సుకి చెప్పొస్తా నాయనా, ఈ పొద్దు రావద్దని," అన్నాను. "వద్దు. రానీ. ఆయమ్మ నిజంగా దేనికి వస్తాదో చూద్దాం."

వచ్చారు. గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు కడుక్కుని, ఒకరి వెనక ఒకరుగా లోపలికి వెళ్ళి తట్టల మధ్య నిలబడ్డాం. తట్టల నిండా పురుగులు తలలెత్తుకుని రాళ్ళల్లే ఉన్నాయి. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. మిస్సు కళ్ళు మూసుకుంది. ముఖంలో చిన్న నవ్వు.

"వింటాండారా? అచ్చం వాన పడినట్ల లేదూ?"

మా తరగతిలో సగం మంది పట్టుపురుగుల ఇళ్ళ పిల్లలే. జ్వరంలో ఉన్న పురుగు ఆకు ముట్టదని ఊయలలోనే నేర్చుకున్నవాళ్ళు. ఎవరైనా ఒక్కరు కిసుక్కుమంటే అయిపోయేది. మంజుల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్ళ నా ప్రశ్నలకి జవాబు దొరికింది, కానీ గెలిచినట్టు అనిపించలేదు, ఏడుపు వచ్చింది. మిస్సు కళ్ళు తెరిచి, జవాబు కోసం మా పెదాల వైపు చూసింది.

"అవును మిస్, వానే," అన్నాడు ముందు వరసలో ఎవరో. "వానే మిస్," అన్నాం అందరం.

తలుపు దగ్గర నిలబడి మా నాయన అంతా చూస్తున్నాడు. చెవులు సరిగ్గా వినపడని సంగీతం టీచరని కమిటీలో ఒక్క మాట అంటే చాలు, ఆమె ఉద్యోగం పోతుంది. ఆ తర్వాతి రోజుల్లో అన్నం తింటున్నా, ఆకు కోస్తున్నా ఆయన ముఖమే చూసేదాన్ని. ఏమీ తెలిసేది కాదు.

కమిటీ వాళ్ళు తరగతికే వచ్చారు. కిటికీలు మూయించి, ఆ వీడియోలేవో పెట్టమన్నారు. మిస్సు కోత పాట పెట్టింది. అధ్యక్షుడికి అందులో తప్పు దొరకలేదు, దాంతో అనుమానం ఇంకోవైపు తిరిగింది. "పాటలు చెప్పేయమ్మకి టీవీతో ఏం పని? అసలు సంగీతం వచ్చునా అని? పిల్లోళ్ళ చేత పాడించండి, తప్పులు చెప్పండి చూద్దాం."

పాడాం. పెద్దవాళ్ళ ఎదుట భయంతో అందరం నేల చూపులే. రెండో చరణంలో మంజుల గొంతు జారింది. ఎవరూ తల ఎత్తలేదు. నేను మెడ పూర్తిగా తిప్పి మంజుల వైపు గుడ్లప్పగించి చూశాను. నన్ను చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు, చివరికి తరగతంతా దాని వైపు తిరిగింది. మంజుల కూడా ధైర్యం చేసి తలెత్తి మిస్సునే చూసింది.

"మంజులా, రెండో చరణంలో జారినావు," అంది మిస్సు.

అధ్యక్షుడు తల ఊపాడు. అంతటితో వదలక మా నాయన వైపు తిరిగాడు. "మీ పురుగులింటికి కూడా తోలుకొచ్చిందంట గదప్పా. ఏం చేసింది ఆడ?"

నాయన కండువా సర్దుకున్నాడు. మిస్సు కళ్ళు ఆయన నోటి మీదే ఉన్నాయి.

"పురుగులు ఆకు తినే చప్పుడు వినిపించింది పిల్లోళ్ళకి," అన్నాడు. "బాగా వినపడింది. నేనూ విన్నా."

దారిలో ఇంక ఉండబట్టలేక అడిగాను. "ఆ పొద్దు పురుగులు జ్వరంలో ఉండె గదా నాయనా?"

"ఉండె."

"మరి అట్లంటివే?"

"నేను ముప్పొద్దులా కాపలా కాస్తా ఎవుర్నీ నమ్మలేకపోతి. ఆయమ్మ వచ్చి ఏడాది కాలే, ఆ పొద్దు మీరంతా ఒక్కరూ నవ్వలేదు. అట్ల నేర్పే పంతులమ్మను మళ్ళీ యాడ తెస్తాం?" ఇంటికి చేరాక తాళం తీసి, లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చి గొళ్ళెం చూసుకున్నాడు. ఒక్క రోజులో మనిషి మారడు.

రెండేళ్ళ తర్వాత మిస్సుకి బాగేపల్లికి బదిలీ అయింది. వెళ్ళే రోజు హార్మోనియం బస్సు దాకా నేనే మోశాను. బస్సు ఎక్కబోతూ నా ఎదురుగా, నా పెదాలు కనపడేలా నిలబడింది.

"జ్వరంలో ఉండే పురుగు ఆకు తినదంట గదా? నాకు తర్వాత తెలిసింది. మీ నాయన కమిటీ వాళ్ళ ముందర అన్న మాట నేను చూసినా." విన్నానని అనలేదు, చూశానంది. "నువ్వు అబద్ధం పట్టేదానివి. చెప్పు. మీ ఇంట్లో ఆ పొద్దు పురుగులు తిన్నాయా?"

పచ్చి కంకిని కోశారని వీడియోని పట్టుకున్న పిల్లని నేను. ఆమెకి స్పష్టంగా కనపడేలా, నోరంతా తెరిచి చెప్పాను.

"తిన్నాయి మిస్."

ఆమె నవ్వింది. కళ్ళు మాత్రం నిండాయి.

ఇప్పటికీ చప్పుడు వినగానే వాకిట్లోకి వెళ్తాను. నేల పొడిగానే ఉంటుంది. తిరిగొచ్చి, కళ్ళు మూసుకుని, అరచెయ్యి తట్ట అంచు మీద ఆనించి నిలబడతాను, ఆమె హార్మోనియం మీద ఆనించినట్టు. వేళ్ళకి సన్నటి కదలిక తగులుతుంది. నిజమో, నా భ్రమో తెలియదు. నా జీవితంలో నేను సరిచూసుకోకుండా వదిలేసింది అదొక్కటే.