ఖాళీ అని రాసిన గడులు

బస్సు కొండ మలుపులో ఆగిపోయింది. ఎదురుగా మట్టి తవ్వే యంత్రమొకటి రోడ్డుకు అడ్డం పడి, ముందుకు రాలేక, వెనక్కి పోలేక ఆపసోపాలు పడుతోంది. డ్రైవరు ఇంజను ఆపేసి, "దిగి కాళ్లు సాగదీసుకోండి, ఇది ఇప్పట్లో తెమలదు" అన్నాడు. నాలాంటి దేశదిమ్మరికి బస్సు నడవడం కన్నా ఆగడమే ఇష్టం. దిగాను.

నా పక్క సీట్లో కూర్చున్నావిడ కూడా దిగింది. ఖాకీ చొక్కా, భుజాన తాడుచుట్ట, చంకలో అట్ట ఊడిన పుస్తకం. నేరుగా యంత్రం దగ్గరికెళ్లి, దాని పళ్ల సందున ఇరుక్కున్న వేరు ముక్కను లాగింది. గోటితో గీరి వాసన చూసింది.

"నేరేడు," అంది. రోడ్డు పక్క రాతిమీద చతికిలబడింది.

"ఏమైందమ్మా?"

"ఏముంది పెద్దాయనా. పది రోజులు శిక్షణ అని నన్ను ఊరు దాటించారు. ఈలోపు నా చెట్లు పీకేశారు."

ఆవిడ అటవీ ఆఫీసులో కాపలామనిషి. అందరూ 'గడులక్క' అంటారట. ఆ పేరెందుకొచ్చిందో అడిగితే చెప్పుకొచ్చింది.

ఇరవైమూడేళ్ల క్రితం ఆ కొండవాలు నిలువునా తగలబడిపోయింది. ఎవరో చదువుకున్న పెద్దమనిషి వచ్చి, బూడిదలో మేకులు దింపి, తాళ్లతో వంద గడులు కట్టి, "ఏటా వానలయ్యాక ఏ గడిలో కొత్తగా ఏం మొలిచిందో రాయమ్మా" అని అప్పజెప్పి వెళ్లాడు. ఆయన మళ్లీ రాలేదు. ఆవిడ రాయడం మానలేదు.

మొదట గరిక వచ్చింది. తర్వాత వెంపలి. వెంపలి చచ్చిన నేలకు సత్తువ ఇస్తుందని నేను పుస్తకాల్లో చదివాను. ఆవిడ మట్టి రంగు మారడం చూసి తెలుసుకుంది. ఆపైన రేగు పొదలు. వాటి పండ్లకోసం వచ్చిన పిట్టలు ఎక్కడెక్కడి నేరేడు గింజలనో తెచ్చి ఆ పొదల కింద రాల్చాయి. ముళ్ల చాటున మేకలకు దొరక్కుండా నేరేడు ఎదిగింది. ఎదిగి, తనను కాచిన రేగుకే ఎండ తగలకుండా చేసి చంపేసింది.

"అది చూసినప్పుడే నాకు బుద్ధి రావాల్సింది," అంది గడులక్క.

కొత్త మొక్క రాని గడికి ఎదురుగా 'ఖాళీ' అని రాయడం ఆవిడ పద్ధతి. అందులో ఒక తిరకాసుంది. అడవి చిక్కబడేకొద్దీ కొత్తవాటికి చోటుండదు. అంచేత కొండమీద చెట్లు పెరిగినకొద్దీ పుస్తకంలో ఖాళీలు పెరిగాయి. నిరుడు వందకు తొంభైఒకటి ఖాళీ. అంటే అడవి నిండిందని. ఆ అర్థం తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆవిడ. రెండోవాడు అదే ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ, ఏటా తాడు రెండో కొస పట్టుకునే తమ్ముడు. తల్లి పోయాక ఆవిడే పెంచిన తమ్ముడు.

యంత్రం వెనక జీపులోంచి దిగింది అతనే.

"అక్కా! రేపు కదా నువ్వు రావాల్సింది?"

"పాఠం ముందే అయిపోయిందిరా. కొండ గొరిగేశారా?"

"నేను కాదక్కా, పైనుంచి ఆర్డరు. ఖాళీ భూమి ఎక్కడుంటే అక్కడ మొక్కలు నాటించమన్నారు. నిరుడు నీ పుస్తకంలోంచి రాసుకున్నదే మీటింగులో చదివాను. ఒక్క అక్షరం కలపలేదు."

బస్సు డ్రైవరు బీడీ నోట్లోంచి తీశాడు. "అంటే, ఉన్న పళ్లు పీకి కట్టుడు పళ్లు పెట్టడమా సారూ?"

"నీ బస్సేదో నువ్వు చూసుకోవయ్యా!"

గడులక్క లేవలేదు. "ఖాళీ అంటే ఏంటో నీకు తెలుసు కదరా?"

అతను చెప్పుతో మట్టిని అటూ ఇటూ నెట్టాడు. "తెలుసు."

"మరి చెప్పలేదే?"

"వాళ్లు అడగలేదక్కా."

తనలో తాను గొణుక్కున్నట్టు, "పెద్ద గుమాస్తా పోస్టు ఖాళీ అవుతోంది... నాకిస్తామన్నారు" అన్నాడు.

ఇలాంటప్పుడు నోరు మూసుకోవాలని ఇన్ని ఊళ్లు తిరిగీ నేర్చుకోలేదు నేను. "పోనీలేమ్మా, ఒకసారి కాలి మొలిచిన కొండే కదా. మళ్లీ మొలుస్తుంది" అన్నాను.

"నాకే చెబుతున్నారా పెద్దాయనా?" అంది. గొంతు పెంచలేదు. "మొలుస్తుంది. వాళ్లు నాటినవాటి సందుల్లోంచే వచ్చే వానలకి గరిక వస్తుంది. వెంపలీ చూస్తాను. రేగుపండ్లు తింటానేమో. నేరేడు కింద నిలబడాలంటే ఇరవై ఏళ్లు కావాలి. నాకు యాభై ఎనిమిది. అన్నేళ్లు చేతిలో ఉన్నవాడేమో వీడు."

తమ్ముడు దగ్గరికొచ్చి పుస్తకం అందుకోబోయాడు. "ఇంటికి పద అక్కా, జీపులో దింపుతా. నీ మరదలు వంట చేసి కూర్చుంది."

ఆవిడ పుస్తకాన్ని ఇంకో చంకలోకి మార్చుకుంది. యంత్రం ఎట్టకేలకు పక్కకు తప్పుకుంది. డ్రైవరు హారను కొట్టాడు. తమ్ముడు జీపు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ ఆ రెండింట్లో ఏదీ ఎక్కలేదు. మాలో ఒక్కరివైపైనా చూడకుండా, మేము వచ్చిన దారినే కిందికి నడిచి వెళ్లిపోయింది.