బావ బోటు తాగిన డీజిలు

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో ఏ యంత్రం గురించైనా గంటకు ఎంత తాగుతుందని అడిగేవాళ్లమే తప్ప, ఎంత దూరం పోతుందని అడిగే అలవాటు లేదు. పంపులూ కంప్రెషర్లూ ఎక్కడికి పోతాయి గనక? బొగ్గు గని వర్క్‌షాపులో కొత్తగా చేరిన నాకు లోకంలోని ఇంజన్లన్నీ నా చేతి కిందివే అనిపించేది. (మీసం ఇంకా సరిగ్గా రాలేదు. గర్వానికి మీసంతో పని లేదు కదా.)

అప్పుడే మా బావ, అంటే అక్క భర్త, ఒక బోటు కొన్నాడు. ఎవరో షావుకారు సముద్రంలో సరదాగా గాలం వేసుకోవడానికి కట్టించుకున్న పాత డీజిల్ బోటు. కాకినాడ నుంచి లారీ మీద దిగితే కాలనీ అంతా చూడ్డానికి వచ్చింది. వారమంతా భూమి లోపల బొగ్గు తీసే మనిషికి ఆదివారం నెత్తిమీద ఆకాశం, కింద నీళ్లు కావాలనిపించడంలో తప్పేముంది? ఆ ఆదివారాల్లో నాకూ చోటుండేది. నాకు అన్నల్లేరు. బావ పక్కన గాలం పట్టుకుని కూర్చుంటే ఆ లోటు తెలిసేది కాదు.

చిక్కల్లా ఇంజనుతోనే. మెల్లగా పోతే బుద్ధిగానే ఉండేది. కాస్త ఊపందుకుని, ముక్కు పైకెత్తి, హాయిగా సాగే వేగానికి వచ్చిందంటే చాలు, డీజిలును మంచినీళ్లలా తాగేది. అక్కకు ఒళ్లు మండిపోయింది. "డబల్ పైసలొచ్చే ఆదివారం డ్యూటీ ఇడిసిపెట్టి గోదాట్ల డీజిల్ పోసి వస్తున్నవ్. అమ్మెయ్ దాన్ని" అంది. బావ మెత్తబడ్డాడు. బోటు పోతే మా ఆదివారాలూ పోతాయి.

"జర ఆగు బావా, ఇంజను నేను సక్కగ జేస్త" అన్నాను.

"సరె. ఎగువ ఇసుక తిప్ప దాక పొయ్యి, ఒక్క డబ్బా డీజిలుతోటి వాపసొస్తె ఉంచుకుంట. లేకుంటె అమ్ముడే" అన్నాడు బావ.

లారీలు బాగుచేసే భాయ్ ఒకాయన నాకు దోస్తు. ఇద్దరం ఇంజనును ఊడదీసి ఆయన షెడ్డుకు తెచ్చి, శుభ్రం చేసి, స్టాండు మీద బిగించి నడిపాం. వర్క్‌షాపులో రిపేరైన ఇంజన్లను మేం అలాగే నడిపి చూసేవాళ్లం. ఎంతసేపు నడిపినా డబ్బాలో డీజిలు తగ్గినట్టే లేదు. భాయ్ మురిసిపోయాడు. "అరె తమ్మీ, ఇది తాగుతలేదు, ఉట్టిగ వాసన జూస్తున్నది! ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆ ఇంజను నీళ్లలో రెక్క తిప్పాలనీ, బావనూ నన్నూ అక్క కట్టిచ్చిన సద్దినీ మోయాలనీ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఇంజనును మళ్లీ బోటుకు బిగించి, ఒక్క డబ్బా డీజిలు పోసుకుని ఆదివారం బయల్దేరాం. "మంచిగ పోనియ్ బామ్మర్ది" అన్నాడు బావ. పోనిచ్చాను. ముక్కు లేచింది, మొహానికి గాలి కొట్టింది, నా ఛాతీ కూడా ఉబ్బింది. ఇసుక తిప్ప చుట్టూ తిప్పుకుని వెనక్కి మళ్లామో లేదో, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ట్యాంకులోకి తొంగి చూశాను. అడుగు తళతళా మెరుస్తోంది.

"షెడ్డుల మస్తు సేపు నడిపినం బావా. డబ్బా తగ్గనే లేదు" అన్నాను, ఏడుపు ఒక్కటే తక్కువగా.

"నీళ్లల్ల నడిపిండ్రా?"

"లే. స్టాండు మీద."

బావ బోటు ఊగేలా నవ్వాడు. "నీ లెక్క కరెక్టే బామ్మర్ది. షెడ్డుల ఉంచి నడిపితె ఈ బోటు డీజిలే తాగదు!"

తరవాత బోటు ప్రవాహంతో పాటు తనంతట తానే కిందికి జారింది. అన్ని ఆదివారాలు కలిసి తిరిగాం గానీ, ఆ ఇంజను మోతలో మేం అరుచుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. ఆ రోజే మొదటిసారి బావ గొంతు తగ్గించి మాట్లాడాడు. మొదటిసారి గనిలో దిగినప్పుడు కాళ్లు వణికాయట. "మీ అక్కకు సుత చెప్పలే. నీకే చెప్తున్న" అన్నాడు. సద్ది విప్పుకుని, ఒకే గిన్నెలో తిన్నాం. పొద్దు గూకుతుండగా చేపలు పట్టేవాళ్లు తాడు విసిరి మమ్మల్ని ఒడ్డుకు లాగారు. ఒడ్డున అక్క నిలబడి ఉంది. ఆ తరవాతి సంగతి మీరే ఊహించుకోండి.

బావ మాట తప్పే మనిషి కాదు. బోటు అమ్మేశాడు. ఇప్పుడు బావ కూడా లేడు.

ఇంజను తాగే డీజిలును బరువు మోస్తుండగానే కొలవాలని ఇప్పుడు నాకు బాగా తెలుసు. వర్క్‌షాపులో కొత్తగా చేరిన పిల్లలకు నేనే చెబుతాను. అయినా, బావ మళ్లీ వచ్చి బోటు తియ్యమంటే మాత్రం ఆ తప్పు లెక్కే వేస్తాను. ఒక్క డబ్బాయే పోసి, తిప్ప దాకా తీసుకుపోతాను.