మిద్దె మీద ఆఖరి గంప

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ మా నాయనే చేసిపెట్టి పోయాడు. నాకు మిగిలింది ఇల్లు కూల్చి చూడడం ఒక్కటే. అదీ ఊరకే కూల్చలేదండీ. బాగుచేస్తూ, చెమటోడ్చి, నా చేతులతో నేనే కూల్చాను. ఎలాగో చెబుతాను, నవ్వొస్తే నవ్వండి. మా ఊరంతా నవ్వింది. నా భార్య సుంకమ్మ మాత్రం నవ్వలేదు.

మాది కౌతాళం దగ్గర పల్లె. మట్టి మిద్దె. దూలాల మీద కట్టెలు, కట్టెల మీద మట్టి, అన్నిటికీ పైన చౌడు. ఏటా వానలకు ముందు చౌడుమట్టి తెచ్చి పోస్తే నీళ్లు లోపలికి దిగవు. పోసేముందు పాత చౌడు గోకి దించాలి. ఈ చివరి మాట మా నాయన నాకు చెప్పే ఉంటాడు, నేనే ఆ సమయానికి మంత్రాలయం బస్సు వైపు చూస్తూ ఉండి ఉంటాను. గోకడం ఎందుకు, ఉన్నదాని మీద ఇంకాస్త పోస్తే ఇంకా గట్టిదనం కదా అని నా సిద్ధాంతం. చలికి దుప్పటి మీద దుప్పటి కప్పుకోమా?

ఆ ఏడు పత్తి బాగా వచ్చింది. సుంకమ్మ నడుము పడిపోయేలా వంగి తీసిన పత్తి. నడిమింట్లో పోగుపోస్తే చిన్న గుట్టయింది. అది అమ్మి స్లాబు వేసుకోవాలని ఆమె ఆశ. ఆదోని మార్కెట్లో ధర ఎక్కేదాకా ఆగాలని నా తెలివి.

మిద్దె పాపం చెప్పకుండా పడలేదు. చెప్పి చెప్పి పడింది. మొదట పప్పులో మన్ను రాలింది.

"ఏమప్పా, దినామూ గిన్నెలో మన్నే. పైన సూడు ఒకసారి."

"ఎలుకలు మే. బోను తెస్తాలే."

బోను తెచ్చాను. ఎలుక పడలేదు, మన్ను పడింది. తర్వాత తలుపు బిగుసుకుపోయింది. పైన దూలం కుంగి ద్వారబంధాన్ని నొక్కుతోందని సుంకమ్మ అన్నది. తేమకు చెక్క ఉబ్బిందని నేనన్నాను. వడ్రంగిని పిలిచి తలుపు చెక్కించాను. మళ్లీ బిగిసింది, మళ్లీ చెక్కించాను. చివరికి తలుపు వేసి ఉన్నా పిల్లి దర్జాగా వచ్చిపోయేది.

దూలాల సందుల్లో పిచ్చుకలుండేవి. అవి ఒకరోజు కనబడకుండా పోయాయి.

"పిచ్చికలు యాడికో పొయ్యినాయప్పా. నాకు బయమైతాంది."

"పోనీలే, ఇల్లు శుభ్రమాయె."

ఆమె రోకలి తెచ్చి దూలాన్ని తట్టింది. ఎండిన సొరకాయలా గుల్లగా మోగింది. ఇంకోచోట తట్టింది. చెద తిన్న పొడి ఆమె తలమీద పడింది.

"ఇన్నావా? లోపల ఏమీ లేదు. పత్తి అమ్మేద్దాం. వచ్చినకాడికి రానీ, స్లాబు తర్వాత ఏసుకుందాం. ఈ మిద్దె ఇంక మోయలేదు."

"ధర ఎక్కుతాది మే. అంతవరకూ దీన్ని నేను మోయిస్తా కదా."

అని, పత్తి గుట్ట నడుమ దూలం కింద ఒక గుంజ నాటాను. ఎంత లోతుగా నాటానంటే, ఆ శ్రద్ధ చేలో చూపి ఉంటే రెండో పంట వచ్చేది.

కార్తీకంలో తుఫాను పట్టింది. ముసురు వదలలేదు. మూల ఒకటి కారింది, చౌడు పోశాను. ఇంకో మూల కారింది, ఇంకా పోశాను. తడిసిన మట్టి ఎంత బరువుంటుందో మోసే నా తలకు తెలుసు. ఆ బరువంతా ఎక్కడికి పోతోందో మాత్రం ఆ తలకు తట్టలేదు.

ఒక పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది. గంప నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కుతుంటే సుంకమ్మ నిచ్చెన పట్టుకుంది.

"వద్దప్పా. నీకు దండం పెడతా, దిగు."

"ఇదే ఆఖరి గంప మే!"

అన్న మాట నిలబెట్టుకున్నాను. మూలిగే నక్క మీద తాటిపండు పడినట్టు, మూలిగే దూలం మీద నేనూ నా గంపా పడ్డాం. కాళ్ల కింద ఏదో పెటిల్లుమంది. మరుక్షణం నేను నడిమింట్లో ఉన్నాను, తలుపుతో పని లేకుండా. దెబ్బ తగల్లేదు. మెత్తగా, హాయిగా, సుంకమ్మ తీసిన పత్తి మీద పడ్డాను. నా వెనకే ఇన్నేళ్ల చౌడంతా దిగింది, ఆ వెనకే ఆగిందనుకున్న వానా దిగింది.

సుంకమ్మ అరుస్తూ వచ్చి దుమ్ములో వెతికింది.

"బతికినావా?"

"బతికినా."

"అయితే లెయ్యి పత్తి మీద నుంచి!"

లేచాను. మూడు గోడలూ ఆకాశమూ మిగిలాయి. నడుమ నా గుంజ ఒక్కటే చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. సుంకమ్మ దాన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"గుంజ బాగా నాటినావప్పా," అన్నది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట అని, వానలోనే కూర్చుని పత్తి పాయ పాయగా తీసి మట్టి విదిలించడం మొదలుపెట్టింది. విదిలిస్తే పోయే మట్టా అది? నేను పక్కన కూర్చుని తీశాను. మా ఇద్దరి చేతుల్లోనూ ఒకటే బురద. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, వానలో ఎవరికీ తెలియలేదు.

ఎండబెట్టి ఆదోని తీసుకుపోయాం. పత్తి కొనే ఒకాయన గోనెలో చెయ్యి పెట్టి, తీసి, తన పంచెకే తుడుచుకున్నాడు.

"ఇదేందన్నా, పత్తి తెచ్చినావా, మిద్దె తెచ్చినావా?"

ధర నిజంగానే ఎక్కింది ఆరోజు. మా పత్తికి కాదు.

ఇప్పుడు రేకుల కొట్టంలో ఉంటున్నాం. వాన పడితే ఒకరి మాట ఒకరికి వినబడదు. అదీ ఒకందుకు మంచిదే. మొన్న మబ్బు పట్టిన పూట చెంపలేసుకుని, ఉరుకుంద ఈరన్న స్వామి సాక్షిగా సుంకమ్మ ముందు ప్రతిజ్ఞ చేశాను: "ఈ జన్మలో చౌడు గంప ఎత్తుకుని మిద్దె ఎక్కను!"

సుంకమ్మ రేకు కింద గిన్నె సర్దుతూ, తలెత్తకుండానే అన్నది:

"ఎక్కల్లంటే మిద్దె ఉండల్ల గదప్పా."