కిటికీలో వార్తలు

వార్తల మీద వేళాకోళం చేసే టీవీ కార్యక్రమాలు మా ఇంట్లో రెండు నడుస్తాయి. ఒకటి మా అమ్మాయికి ప్రాణం, ఇంకొకటి అల్లుడికి. ఏది గొప్పదో తేల్చమని భోజనాల దగ్గర నన్ను మధ్యలోకి లాగుతారు. ఒకదాంట్లో ఆ మనిషి కనుబొమలెగరేసి, మూతి వంకర తిప్పి, మాట మాటకీ వెనకనుంచి నవ్వులు వేయించుకుంటాడు. రెండోదాంట్లో అతను అసలు నవ్వడు. నాకు ఇద్దర్నీ చూస్తే ఒళ్లు మండుతుంది. మన వీధి కుళాయి ముఖం కూడా చూడనివాళ్లు మన తరఫున ఎవర్ని వెక్కిరిస్తారు? ఆ మాటంటే "నీతో పెట్టుకోకూడదమ్మా" అని లేచిపోతారు. నేనేం చెయ్యను? వీటికంటే మంచివి రెండు పాతబస్తీ మొఘల్‌పురాలో, ఒకే వాకిట్లో చూసి పెరిగినదాన్ని.

హైదరాబాద్‌కు టీవీ వచ్చిన కొత్త. నాన్న ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసేవాడు. ఒక పెద్ద ఇంటి వెనక రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. ముందు భాగంలో ఇంటాయన ఉండేవాడు, టీవీ ఆయనదే. వాకిలికి అవతల ఒంటి గదిలో ఒక విధవరాలు, ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఆమె సర్కారు దవాఖానాలో ఆయా. నేను పెద్దమ్మ అనేదాన్ని. కొడుకు చార్మినార్ పక్కనే లాడ్ బజార్‌లో లక్క గాజుల పనికి వెళ్లేవాడు.

సాయంత్రం తెలుగు వార్తలకు అందరం ఇంటాయన హాల్లో చేరేవాళ్లం. అవి కాగానే వాకిట్లోకి వచ్చి కూర్చుంటే, అప్పుడు మొదలయ్యేవి మా వార్తలు. నాన్న మా గదిలోకి వెళ్లి, కిటికీ వెనక కుర్చీ వేసుకుని, భుజాన తువ్వాలు శాలువాలా సర్దుకునేవాడు. ఆ కిటికీయే మా టీవీ. "మొఘల్‌పురాలో నిన్న నీళ్లు వచ్చాయని అధికార వర్గాలు తెలియజేశాయి. ఆ నీళ్లు ఆ వర్గాల ఇళ్లకే వచ్చినట్టు మా విలేకరి తెలియజేస్తున్నారు." ముఖంలో ఒక్క గీత కదిలేది కాదు. మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం.

ఆయన అయ్యాక పెద్దమ్మ లేచేది. ఆమెకు మాటలక్కర్లేదు. కుళాయి ప్రారంభించే మంత్రి అయ్యేది. చీర కొంగే రిబ్బను. దాన్ని కత్తిరించినట్టు చేసి, రాని నీళ్లను దోసిట పట్టి, గటగటా తాగి, మూతి తుడుచుకుని చప్పట్లు కొట్టమని మాకు సైగ చేసేది. నా ఓటు ఎప్పుడూ పెద్దమ్మకే. అమ్మ మాత్రం ఇద్దర్నీ తిట్టేది, ప్రభుత్వ ఉద్యోగాలు చేసుకుంటూ ఈ వేషాలేమిటని. నాన్న దానికి ఒకటే జవాబు చెప్పేవాడు. భాష టీవీది, సంగతి మాత్రం మన వాకిలిది, అందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించమనేవాడు. నిజంగానే ఉండేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం చార్మినార్ వైపు గలాటా అయిందన్నారు. చూస్తుండగానే కర్ఫ్యూ పెట్టారు. పెద్దమ్మ కొడుకు ఇంటికి రాలేదు. ఆ రాత్రీ రాలేదు, తెల్లారీ రాలేదు. ఆమె గడప మీద కూర్చుని వీధి తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. అమ్మ పెట్టిన అన్నం అలాగే ఎండిపోయింది.

మర్నాడు సాయంత్రం, పాలూ కూరలూ తెచ్చుకోమని కాసేపు సడలించారు. నాన్న సంచీ పట్టుకుని కూరలకని చెప్పి లాడ్ బజార్ వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేసరికి మేమంతా హాల్లో ఉన్నాం. పెద్దమ్మను ఇంటాయనే బతిమాలి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. టీవీలో పరిస్థితి పూర్తిగా అదుపులో ఉందనీ, ప్రజలందరూ క్షేమంగా ఉన్నారనీ చదువుతున్నారు. నాన్న గుమ్మంలో నిలబడి, "మీ అబ్బాయి క్షేమంగా ఉన్నాడమ్మా" అన్నాడు. అంటూ సంచీలోంచి ఆ అబ్బాయి చెప్పులు తీసి ఆమె ముందు పెట్టాడు.

పెద్దమ్మ చెప్పుల్ని ముట్టుకోలేదు. ఏడవను కూడా లేదు.

"గట్ల చెప్పకు సారు," అంది. "దవాఖానల నేను గిట్లనే చెప్పిన ఎంతమందికో. మనిషి వస్తువులు చేతిల పెట్టి, మంచిగున్నడు, ఫికర్ చెయ్యకున్రి అని."

నాన్న బిత్తరపోయాడు. దుకాణం యజమాని ఇచ్చాడనీ, అబ్బాయి నిజంగా బాగానే ఉన్నాడనీ మళ్లీ మళ్లీ చెప్పాడు. చెప్పినకొద్దీ అది ఆస్పత్రి గుమ్మంలో మాటలాగే వినిపించింది. ఇంటాయన చప్పున లేచి టీవీ ఆపేశాడు. పెద్దమ్మ నాన్న వైపు చూసింది.

"నీ కిటికీల కూసొని చెప్పు సారు. ఆడైతే నువ్వు అబద్ధం చెప్పవు."

ఎవరూ నవ్వలేదు. నాన్న మా గదిలోకి వెళ్లాడు. మేం వాకిట్లోకి వచ్చి ఎప్పటిలా కూర్చున్నాం. లోపల దీపం వెలిగింది. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని, గొంతు సవరించుకుని చదివాడు.

"వార్తలు. లాడ్ బజార్‌లో గాజుల పని చేసే ఒక యువకుడు, గలాటా మొదలవగానే, దుకాణం బయట విడిచిన చెప్పులు కూడా తొడుక్కోకుండా తోటి పనివాడి వెంట చాంద్రాయణగుట్టకు పరిగెత్తినట్టు తెలిసింది. ఈ సంగతి ఆ పనివాడి అన్న ఈ సాయంత్రం దుకాణానికి వచ్చి స్వయంగా చెప్పారు. సదరు యువకుడు రాత్రి వారింట ఖిచిడీ అంతా ఊడ్చి తిని, నంజుకునే పుల్లటి ఖట్టా అయిపోయిందేమని అడిగినట్టు, ఆ ఇంటివారు ఇంకా తేరుకోనట్టు మా విలేకరి..."

అక్కడ ఆగి, రోజూ రాయిలా ఉండే మనిషి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో మాకు కాసేపు తెలియలేదు. "వాడే. వాడే గట్ల తినేది," అంది. లేచి కిటికీ దగ్గరకు వెళ్లి ఊచల మీద చెయ్యి వేసింది. "గిప్పుడు అదుపుల ఉన్నది సారు పరిస్థితి."

అమ్మ టీ ఇస్తే నిలబడే తాగేసింది. తర్వాత హాల్లోకి వెళ్లి ఆ చెప్పులు తెచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి, కొడుకు రోజూ విడిచే చోటనే తన గడప ముందు పెట్టుకుంది. కర్ఫ్యూ మళ్లీ సడలించినప్పుడు వాడు ఎవరివో పెద్ద చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, వాటిని వీటి పక్కన విడిచి, అన్నం ఉందా అని అడిగాడు.