కైలాసం ముందస్తు కూడిక

ఆపద గట్టెక్కాక పండుగ చేసుకునేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. ఆపద ఇంట్లో అడుగుపెట్టగానే పండుగ చేసే మనిషి మాత్రం రాళ్లగూడెం మొత్తానికి ఒక్కడే. ఆయనే కైలాసం. బాప్తిస్మం ఇచ్చేనాడు మిషను దొరగారు ఈ పేరు మార్చుకొమ్మని అడిగారట. "పెట్టింది మా అవ్వ. మీరే పోయి ఆమెతోని మాట్లాడుండ్రి" అన్నాడట కైలాసం. ఆ అవ్వ నోటి సంగతి దొరగారికి అప్పటికే తెలుసు కాబట్టి పేరు అలాగే మిగిలిపోయింది.

క్రైస్తవుల ఇళ్లలో కృతజ్ఞత కూడిక అని ఒకటి ఉంటుంది. జ్వరం తగ్గినా, తప్పిపోయిన గొడ్డు దొరికినా, కాన్పు క్షేమంగా జరిగినా చుట్టుపక్కల వాళ్లను పిలిచి, చర్చి అయ్యగారితో ప్రార్థన చేయించి, నాలుగు పాటలు పాడి అన్నం పెడతారు. కైలాసం ఇదంతా తలకిందులుగా చేసేవాడు. జ్వరం ఎక్కుతుండగానే దిగినందుకు కూడిక, గొడ్డు తప్పిపోయిన పూటే దొరికినందుకు కూడిక. పిలిచేటప్పుడు కూడా జరగబోతుందని అనడు, జరిగిపోయిందనే అంటాడు.

కోడలు చంద్రవ్వకు ఈ సంగతి పెళ్లికి ముందు ఎవరూ చెప్పలేదు. లక్షెట్టిపేట దిక్కునుంచి కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఇంట్లో మేక ఒకటి అడవిలో తప్పిపోయింది. అడవిలో పెద్దపులి తిరుగుతోందని ఊరంతా తలుపులు బిగించుకుంటే, మామ ఇంటింటికీ తిరిగి మేక తిరిగొచ్చినందుకు అన్నానికి పిలిచి వచ్చాడు. కొత్త కోడలు మూకుడు ముందు కూర్చుని, రాని మేక కోసం శనగపప్పు తాలింపు వేసింది. మేక రానే లేదు. మర్నాడు వాగు ఒడ్డున దాని గంట మాత్రం దొరికింది.

పక్కింటి మొండయ్య ఆ గంట చూసి, "మేకను పులి తిన్నది, మేక పేరు చెప్పి మేం తిన్నం. ఉపాసమున్నది మేక ఒక్కతే" అన్నాడు.

ఆ మొండయ్యకే తర్వాత గట్టి దెబ్బ తగిలింది. ఆయనకు నాలుగు రోజులుగా దగ్గు. పెళ్లానికి కూడా చెప్పలేదు. ఒక పొద్దున కైలాసం గడపలో నిలబడి, "ఆదివారం అన్నానికి రా మొండయ్యా" అన్నాడు.

"ఎవలకు కైలాసం కూడిక?"

"నీకే. నీ దగ్గు తగ్గినందుకు."

మేక గతి గుర్తొచ్చి మొండయ్య ముఖం పాలిపోయింది. లోపలికి పోయి మంచమెక్కి, ఉన్న ఒక్క ఎద్దు ఎవరికి ఇవ్వాలో పెళ్లానికి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఏడుపుకు వాడకట్టంతా పోగైంది. ఆదివారం కోడికూర వాసన గోడ దాటి వచ్చేదాకా ఆ మనిషి లేవలేదు. అప్పటినుంచి కైలాసం అన్నానికి పిలిస్తే ఊళ్లో వాళ్లు ముందు ఒళ్లు తడిమి చూసుకునేవాళ్లు.

అయ్యగారికి కూడా ఇది నచ్చలేదు. సైకిలు గోడకు ఆనించి, "కైలాసం, ముందు దేవుడు మేలు చేయాలి, తర్వాత మనం స్తుతించాలి. అదీ క్రమం" అన్నారు.

"అయ్యగారూ, చేసినంక స్తోత్రం ఎవడైనా చెప్తడు. దాంట్ల విశ్వాసమేమున్నది? జర కూసోండి, కూర ఉడికింది."

అయ్యగారు క్రమం గురించి ఇంకో రెండు మాటలు అని, కూర్చుని తిన్నారు.

నవ్వేవాళ్లు నవ్వారు గాని చంద్రవ్వకు మాత్రం కూడిక అంటేనే భయంగా ఉండేది. దానికి కారణం అత్త బుచ్చవ్వ. ఆమెకు కాళ్లు వాచి, పొట్ట ఉబ్బి మంచాన పడితే కైలాసం ఊరంతా పిలిచి, బుచ్చవ్వ లేచి తిరుగుతున్నందుకు కూడిక పెట్టాడు. ఇల్లు పట్టనంత జనం వచ్చారు. ఆ వారం దాటకుండానే బుచ్చవ్వ కన్నుమూసింది. ఇక ఈ పిచ్చి వదులుతుందని అందరూ అనుకున్నారు. నెల తిరగకముందే ఆయన ఇంకెవరి జ్వరానికో వంట గంజు కడుగుతూ కనిపించాడు. చంద్రవ్వ ఆ రోజు నుంచి ఒకటే కోరుకుంది: తన మొగుడి పేరున మాత్రం ఈ మనిషి ఎన్నడూ పొయ్యి వెలిగించకూడదు.

కాలు కుంటిపడేదాకా మామ చేసిన బొగ్గుబాయిలోనే మొగుడు నాగయ్య పని చేసేవాడు. బెల్లంపల్లి చుట్టుపక్కల గనిని బాయి అనే అంటారు. ఊరి పక్కనే ఏటవాలు దారి ఒకటి భూమిలోకి దిగుతుంది. మొగవాళ్లు తెల్లవారకముందే దీపాలు పట్టుకుని నడిచి దిగుతారు, పొద్దెక్కాక నల్లగా నడిచి వస్తారు. మధ్యలో ఆడవాళ్లకు ఇంటి పనులు ఉంటాయి, చెవులు మాత్రం బాయి మీదే ఉంటాయి.

ఆ ఏడు శ్రావణంలో వాన తెరిపి ఇవ్వలేదు. ఒక పొద్దున వాగు పొంగి, ఎక్కడో నేల కుంగి, నీళ్లు బాయిలోకి దారి చేసుకున్నాయి. సైరను మొదలైంది. రోజూ కూసే కూత కాదది. ఎంతసేపటికీ ఆగలేదు. చంద్రవ్వ చేతిలో పిండి చేతిలోనే ఉంది. అలాగే పరుగెత్తింది.

బాయి ముందర ఇనుప కంచె దగ్గర ఆడవాళ్లంతా ఉన్నారు. దిగినవాళ్లలో చాలామంది నీళ్లను చూసి ముందే పైకి పరుగెత్తి వచ్చారు. లోపలి భాగంలో పనిచేసే గుంపు ఒకటి మాత్రం రాలేదు. నాగయ్య అందులోనే ఉన్నాడు. వాడకట్టులోని యాదవ్వ మొగుడు రాయమల్లూ అందులోనే ఉన్నాడు.

"లోపలోళ్లు మిట్ట దిక్కు ఎక్కి కూసుండొచ్చు. పంపులు పెట్టినం. నీళ్లు దిగితే దారి దొరుకుతది" అన్నాడు లోపలినుంచి తడిసి వచ్చిన పని పెద్ద సర్దారు. ఆయన కళ్లు మాత్రం ఎవరి ముఖం మీదా నిలవలేదు.

 చంద్రవ్వ కంచె పట్టుకుని నిలబడింది. చీకట్లో మొగుడి మెడదాకా నీళ్లు వస్తున్నట్టు కళ్లకు కడుతోంది. కళ్లు మూసుకుంటే ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. వాడకట్టులో పనిలేని వాళ్లు కూడా ఇటు రాలేదు. వచ్చి ఏం మాట్లాడాలో ఎవరికి తెలుసు? తలుపులు దగ్గరికి వేసుకుని, సందులోంచి చూస్తున్నారు.

అప్పుడు వినిపించింది మామ గొంతు. కుంటికాలు ఈడ్చుకుంటూ ఒక్కో తలుపూ కొడుతున్నాడు.

"మా నాగయ్య బాయిలకెల్లి పైకొచ్చినందుకు కూడిక. బాయికాడ రేకుల కొట్టంలనే అన్నం. అందరు రావాలె."

చంద్రవ్వ ఒళ్లంతా మండిపోయింది. భయం, కోపం కలిసి వస్తే మనిషికి ఏది ఏదో తెలియదు. తడిసిన చీరె పైకి పట్టుకుని రేకుల కొట్టానికి నడిచింది. ఈసారి మామ అని చూసేది లేదు, గంజును కాలితో తన్ని అవతల పారేయాలి అనుకుంది.

కొట్టంలో రాళ్ల పొయ్యి మీద గంజు ఉంది. కైలాసం పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అగ్గిపుల్ల గీస్తున్నాడు. అది విరిగింది. ఇంకొకటి తీశాడు, అదీ విరిగింది. చుట్టూ విరిగిన పుల్లలే.  చంద్రవ్వ ఆ పుల్లలను చూసి ఆగిపోయింది.

"జర నువ్వు అంటువెట్టు బిడ్డా. నాతోని అయితలేదు" అన్నాడు తలెత్తకుండా.

"భయమైతుందా మామా?"

"కాకుంటే? నేను బాయిల పని చేసినోన్ని. నీళ్లొచ్చే చప్పుడు ఎట్లుంటదో నాకెరుక."

ఇన్నేళ్లలో ఈ మనిషికి భయం ఉంటుందని ఆమెకు తోచనే లేదు. ఆయన పక్కనే కూలబడింది.

"మరి గీ కూడికేంది మామా? అత్తమ్మకు గూడ గిట్లనే పెడితివి. ఏమాయె? నాకు కూడికంటేనే గుండె జారిపోతుంది."

కైలాసం అగ్గిపెట్టె ఆమె చేతిలో పెట్టాడు.

"మీ అత్త బతుకదని డాక్టరు నాకు ముందుగాలనే చెప్పిండు బిడ్డా."

"తెలిసే పెట్టినవా?"

"తెలిసే పెట్టిన. ఆపదల ఉన్న ఇంటికి ఎవ్వలు రారు. చెడ్డోళ్లయి కాదు, ఏం మాట్లాడాల్నో తెల్వక రారు. అన్నానికి పిలువు, వస్తరు. తింటరు, పాడుతరు, ఏదో ఒకటి మాట్లాడుతరు. మీ అత్తకు మనుషులంటే పానం. గా దినం ఇల్లు నిండింది. మంచం మీదికెల్లే అందరికి వడ్డిపిచ్చింది. మొండయ్యకు రెండోసారి పప్పు ఎయ్యలేదని నన్ను తిట్టింది."

"లేచినందుకు అని అబద్ధమెందుకు మరి?"

"అబద్ధమేడిది? లేస్తది." కైలాసం ఆ మాట వాన తగ్గుతుందని చెప్పినంత మామూలుగా అన్నాడు. "ప్రభువు లేచిండు గదా. ఆమెను గూడ లేపుతడు. కూడిక తప్పు కాలే. తారీఖే నాకు తెల్వదు. నాగయ్యది గూడ తెల్వదు. ఇయ్యాల్నే కావాలని అడుక్కుంటున్న. కాకపోయినా తప్పిపోయేది కాదది. గందుకే ఎప్పుడు పెట్టినా తొందరైనట్టు కాదు."

 ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, పొగ ఇంకా రాకముందే పొగను తిట్టాడు.

చంద్రవ్వకు భయం పోలేదు. ఇంతకు ముందు ఎంత ఉందో అంతే ఉంది. కానీ ఒక్కదానికే ఉన్న భయం ఇప్పుడు ఇద్దరి మధ్య ఉంది. మొదటి పుల్లకే పొయ్యి అంటుకుంది.

జనం ఒక్కొక్కరే వచ్చారు. ముందు వచ్చింది మొండయ్య, నెత్తిన కట్టెల మోపుతో. తలుపు సందులోంచి చూసిన వాళ్లంతా తలా ఒక పని అందుకుని కొట్టం నింపారు. కంచె దగ్గర కొయ్యబారిన ఆడవాళ్లను చేయి పట్టి కూర్చోబెట్టి, ఒక్కొక్కరి నోట్లో ఒక ముద్ద పెట్టారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. కైలాసం అందరికంటే గట్టిగా, అందరికంటే తప్పుగా పాడాడు. పంపుల మోత వినిపించినంతసేపూ చంద్రవ్వ వడ్డిస్తూనే ఉంది. మోత తగ్గినట్టు అనిపిస్తే చాలు, గరిట ఆగిపోయేది.

పొద్దు వాలే వేళకు వాలుదారిలో దీపాలు కనిపించాయి. ఒకరి భుజం ఒకరు పట్టుకుని మనుషులు పైకి వస్తున్నారు. మూడోవాడు నాగయ్య. చంద్రవ్వ వాడి ముఖం మీది బొగ్గు కొంగుతో తుడుస్తూ, తుడుస్తూ, ఏడుస్తూ, మళ్లీ అదే చోట తుడిచింది.

"ఆకలైతుందే" అన్నాడు నాగయ్య.

గంజులో చూస్తే అడుగు అంటిన నాలుగు మెతుకులు. ఆ మనిషి పైకొచ్చినందుకు పెట్టిన అన్నం ఊరంతా తినేసింది.

"నీ కూడిక అయిపోయింది కొడుకా. ఆలస్యంగ వచ్చినవ్" అన్నాడు కైలాసం. నవ్వుతున్నాడు, కొడుకు చొక్కా మాత్రం వదలడం లేదు.

కొట్టంలో నవ్వులు లేచాయి. అప్పుడు చంద్రవ్వ చూపు కంచె వైపు పోయింది. యాదవ్వ ఒక్కతే నిలబడి ఉంది. రాయమల్లు ఇంకా రాలేదు. కాలు ఇరుక్కుందని, మనుషులు మళ్లీ దిగారని చెబుతున్నారు. మొగుళ్లు తిరిగొచ్చిన ఆడవాళ్లు ఆమెకు ముఖం చూపించలేక పక్కకు తప్పుకుంటున్నారు. పొద్దున తన చుట్టూ ఉన్న ఖాళీ ఇప్పుడు యాదవ్వ చుట్టూ ఉంది.

చంద్రవ్వ నాగయ్య చేయి వదిలి కంచె దాకా నడిచింది. ఏం మాట్లాడాలో ఆమెకూ తెలియలేదు. మామ మాటే నోటికి వచ్చింది.

"యాదక్కా, మా రాయమల్లన్న పైకొచ్చినందుకు కూడిక. అన్నానికి రా."

యాదవ్వ బాయి దిక్కు చెయ్యి చూపింది. "ఇంక రాలే గదనే."

"మా ఇంట్ల రాకముందే పెడతం అక్కా."

"నేను కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న."

"మొక్కుకున్నోళ్లు తినద్దన్నరా? రా, నా పక్కన కూసో."

యాదవ్వ వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుంది. కైలాసం అప్పటికే గంజు కడుగుతున్నాడు. చావు తప్పించుకుని వచ్చిన నాగయ్యను, ఇంకా కాళ్లు ఆరకముందే, నీళ్లకు తోలాడు. మొండయ్య బియ్యం తెచ్చి చేటలో పోశాడు. యాదవ్వ చేట ముందుకు లాక్కుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.  చంద్రవ్వ కూడా చెయ్యి కలిపింది. ఇద్దరూ ఏరారు.

ఉన్నట్టుండి యాదవ్వ చేట పక్కకు పెట్టింది.

"మా ఆయన రాత్రిపూట అన్నం తినడు. జొన్నరొట్టె కావాలె" అంది.

కైలాసం గంజు వదిలేసి, జొన్నపిండి కోసం కుంటుకుంటూ వాడకట్టులోకి పరుగెత్తాడు. రొట్టెలు కాలాయి, చల్లారాయి. చల్లారిన రొట్టె ఆయన తినడని యాదవ్వ రెండోసారి పెనం పెట్టింది. రెండో రొట్టె తిప్పుతుండగా రాయమల్లును మంచం మీద మోసుకొచ్చారు. కాలు విరిగింది, నోరు బాగానే ఉంది. ఇంతమంది ఎందుకు తింటున్నారని అడిగాడు.

"నీ కాలు అతుక్కున్నందుకు" అన్నాడు కైలాసం.